తలకు నూట ఇరవై అడ్జస్ట్‌మెంట్లు

ఆ రోజు మా ఇంట్లో గొడవ పల్లీ చట్నీ దగ్గర మొదలైంది. మా ఆయనకు చట్నీ గట్టిగా ఉండాలి, పెట్టినచోటే నిలబడాలి. మా అత్తగారికి జారుగా ఉండాలి, ఇడ్లీ అందులో మునగాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా నాతో మాట్లాడుతున్నారు.

"రెండు గరిటెలు నీళ్ళు పోసి అడ్జస్ట్ చెయ్యి, అమ్మాయ్" అన్నారు మా అత్తగారు.

"నీళ్ళు పోస్తే నేను తినను. ఒక్క పూట అడ్జస్ట్ అవమని అమ్మకి చెప్పు" అన్నారు మా ఆయన.

"ముప్పై ఏళ్ళు మీ మామయ్యకి అడ్జస్ట్ అయ్యా. ఆయన పోయాక కూడా నాకు సెలవు లేదా?"

ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా సాహితి తనకు అసలు చట్నీయే వద్దని, కారప్పొడిలో నెయ్యి వెయ్యమని అంది. నేను చట్నీని రెండు గిన్నెల్లోకి తీశాను. ఒకదాంట్లో నీళ్ళు పోశాను, ఒకదాంట్లో పొయ్యలేదు. కారప్పొడి మీద నెయ్యి వేశాను. నా వంతు వచ్చేసరికి రెండు గిన్నెలూ ఖాళీ. మిక్సీ జారులో కాసిని నీళ్ళు పోసి తిప్పి, వాటితో రెండు ఇడ్లీలు తినేశాను. ఇందులో విశేషం ఏమీ లేదు. సరిగ్గా ఆ సమయానికే మున్సిపాలిటీ ఆటో మైకు కట్టుకుని మా వీధిలోకి వచ్చింది, అదీ విశేషం.

"పుర ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వచ్చే ఒకటో తేదీ నుండి పురపాలక సంఘ పరిధిలో జరుగు ప్రతి అడ్జస్ట్‌మెంటును, చిన్నదైనను పెద్దదైనను, సంబంధిత వార్డు కేంద్రంలో విధిగా నమోదు చేసుకొనవలెను. నమోదు కాని అడ్జస్ట్‌మెంటు చెల్లనేరదు."

మా ఆయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయారు. ఆయన సహకార బ్యాంకులో పని చేస్తారు. ప్రభుత్వం ఏది చెప్పినా ముందు భయపడి, తర్వాత అర్థం చేసుకునే అలవాటు. "ఏదో పెద్ద విషయమే అయ్యుంటుంది" అన్నారు.

పెద్ద విషయమే. మా ఊరికి కొత్తగా వచ్చిన కమిషనరు గారు, మేనేజ్‌మెంటులో పెద్ద చదువులు చదివినాయన, మొదటి వారం కొత్త కల్వర్టు చూడబోయారట. కల్వర్టు బాగానే ఉంది. దాని కింద కాలవ లేదు. కాలవ పది అడుగుల అవతల దాని మానాన అది పారుతోంది. ఇదేమిటని ఇంజనీరుని అడిగితే, రోడ్డు వంపు తిరిగింది గనక కల్వర్టుని అడ్జస్ట్ చేశామన్నాడు. రోడ్డెందుకు వంపు తిరిగిందని అడిగితే, ఒక పెద్దమనిషి ప్రహరీ గోడకి అడ్జస్ట్ చేశామన్నాడు. మరి కాలవ మీద జనం ఎట్లా దాటుతున్నారని అడిగితే, ఒక ముసలాయన కరెంటు స్తంభం అడ్డంగా వేసి ఉండటం చూపించి, "అడ్జస్ట్ అవుతున్నామయ్యా" అన్నాడట.

మరొకరైతే కాలవ మీద కల్వర్టు కట్టించేవారు. కమిషనరు గారు ఐదుగురితో అధ్యయన సంఘం వేశారు. అందులో ఒక ఇంజనీరు, ఒక లాయరు, బస్సు డిపో మేనేజరు, రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు, వర్తక సంఘం ప్రతినిధి ఉన్నారు. వాళ్ళు రెండు నెలలు ఊరంతా తిరిగి, ఈ ఒక్క మాట మన ఊళ్ళో నలభై రకాలుగా వాడుకలో ఉందని తేల్చారు. స్కూటరు బ్రేకు నుంచి భర్త స్వభావం దాకా అన్నిటినీ వరుసగా రాశారు. జాకెట్టు కుట్టు, నీళ్ళ మోటారు వేళ, పెళ్ళికొడుకు వయసు, ముగ్గురి సీట్లో నాలుగో మనిషి, టీచర్లని ఒక బడి నుంచి ఇంకో బడికి పంపే వర్క్ అడ్జస్ట్‌మెంటు, అన్నీ ఉన్నాయి. ఆఖరి సమావేశంలో కుర్చీలు నాలుగే ఉండటంతో వర్తక సంఘం ప్రతినిధి కిటికీ గట్టు మీద అడ్జస్ట్ అయ్యాడు. దాన్ని నలభై ఒకటో రకంగా చేర్చి నివేదిక ముగించారు.

కమిషనరు గారు ఆ నివేదిక మీద రాసిన మాట పేపర్లో వచ్చింది. ఇంత విస్తృతంగా వినియోగంలో ఉన్న ఒక వనరును నీటిలాగా, ఇసుకలాగా ఎవరికి వారు తోడుకుపోవడం పరిపాలనా వైఫల్యమని, దాన్ని వెంటనే క్రమబద్ధీకరించాలని ఆదేశించారు.

అట్లా మా ఇంటికి స-1 అనే సర్దుబాటు ఫారం వచ్చింది. అడ్జస్ట్ అయినవారు, ఎవరి నిమిత్తం అయ్యారో వారు, రకం సంఖ్య, కాలపరిమితి, కారణం అని గళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక్కో ఫారం. ప్రతి శనివారం ఇచ్చి రావాలి. ఇవ్వకపోతే కుళాయి కనెక్షను ఆపుతారు.

మా ఆయన తన ఫారం ముందు చాలాసేపు కూర్చున్నారు. పెన్ను మూత తీశారు, పెట్టారు. చివరికి, తనకేమీ గుర్తు రావడం లేదని ఖాళీ ఫారం మీదే సంతకం పెట్టి ఇచ్చారు. మా అత్తగారు ఫారం ముట్టుకోలేదు. తన అడ్జస్ట్‌మెంట్లు రాయాలంటే వాళ్ళ పుస్తకాలు చాలవని, కుళాయి కట్ చేస్తే చేసుకోమనండని అన్నారు. డెబ్బై దాటినవాళ్ళకి మినహాయింపు ఉందని తెలిశాక మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

నేను నింపాను. ఏ పనైనా చేస్తే సరిగ్గా చెయ్యాలని నాకు. గళ్ళు ఇచ్చారు గనక గళ్ళలో ఉన్నది ఉన్నట్టు రాశాను. మొదటి వారానికే పద్నాలుగు వచ్చాయి.

మా వార్డు కేంద్రం మిరప యార్డుకి వెళ్ళే దారిలో ఉన్న మున్సిపల్ ప్రైమరీ స్కూల్లో పెట్టారు. వార్డు ఆఫీసులో చోటు లేకపోవడంతో బడిని అడ్జస్ట్ చేశారు. ఆ బడికి ఉన్నది రెండు గదులు. ఒకదాని పైకప్పు వర్షాకాలంలో పెచ్చులూడింది. బాగున్న గదిలో కేంద్రం బోర్డు, బీరువా, కంప్యూటరు, "అడ్జస్ట్‌మెంట్ల నియంత్రణ: మన అందరి బాధ్యత" అనే బ్యానరు చేరాయి. ముప్పై నాలుగు మంది పిల్లలు వరండాలోకి చేరారు.

ఆ బడికి ఒక్కరే టీచరు, ఎస్తేరు రాణి. ఆవిడ అసలు పోస్టింగు ఎక్కడో కృష్ణ ఒడ్డున, ఇక్కడికి వర్క్ అడ్జస్ట్‌మెంటు మీద వచ్చారు. నేను ఫారం పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ పిల్లల దగ్గర లేరు, గదిలో కంప్యూటరు ముందు ఉన్నారు. కేంద్రానికి ఆపరేటరు పోస్టు మంజూరు కాలేదు గనక, అడ్జస్ట్‌మెంటు మీద పని చేసిన అనుభవం దృష్ట్యా ఆవిడనే అందులోకి అడ్జస్ట్ చేశారు.

పక్క కుర్చీలో పర్యవేక్షకులు వీరరాఘవులు గారు. ఇస్త్రీ చెదరని మనిషి. నా ఫారం పైనుంచి కిందకి చూసి, పద్నాలుగు లెక్కపెట్టుకుని, చాలా సంతృప్తిగా తల ఊపారు. "మీలాంటి విద్యావంతులైన గృహిణుల సహకారంతోనే ఈ బృహత్ కార్యక్రమం ఫలప్రదం కాగలదమ్మా" అన్నారు. వరండాలో పిల్లలకి పాఠం ఎవరు చెప్తున్నారని అడిగాను. ఆ అంశం విద్యాశాఖ పరిధిలోనిదని, తాము భవనాన్ని మాత్రమే వినియోగించుకుంటున్నామని సెలవిచ్చారు.

బయటికి వస్తుంటే ఎస్తేరు టీచరు వెనకే వచ్చారు. వరండా చివర గోడకి ఆనుకుని ఒక పిల్ల లెక్కలు చేసుకుంటోంది. పేరు దీవెన, ఐదో తరగతి. తల్లి యార్డులో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది. ఫిబ్రవరి చివర్లో గురుకులం ప్రవేశ పరీక్ష. అందులో సీటు వస్తే హాస్టలు, తిండి, పదో తరగతి దాకా చదువు. రాకపోతే ఎండాకాలం నుంచి తల్లితో పాటు కాయల్లోకి వెళ్ళాలి. వాళ్ళ అక్క అట్లాగే వెళ్ళింది. ఈ సంగతులు టీచరు ఎంతో మామూలుగా చెప్పారు. ఏటా చెప్తున్న గొంతులా ఉంది.

"భిన్నాల దగ్గర ఆగిపోయిందండీ. నేను సీట్లోంచి కదిలితే ఆయన పైకి రాస్తాడు. ఒక్క గంట మీరు కూర్చోగలరా మేడం? కొంచెం అడ్జస్ట్ అవండి."

నేను బి.ఎస్సీ. లెక్కలు చదివాను. చదివి ఇరవై రెండేళ్ళయింది. చాప మీద కూర్చున్నాను. ఒక రొట్టెని ఎనిమిది ముక్కలు చేసి మూడు తింటే ఎంత మిగులుతుందని అడిగితే, "ఎవరు తిన్నారు?" అంది దీవెన. ఆ గంట రెండు గంటలయింది.

మర్నాడు కూడా వెళ్ళాను. ఆ మర్నాడూ. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా, ఇంట్లో వంట ముగించి వెళ్ళేదాన్ని. దీవెనతో పాటు ఇంకో ఐదుగురు ఆ పరీక్ష రాస్తామన్నారు. మిగిలినవాళ్ళకి ఎక్కాలు, తెలుగు వాచకం. ఎస్తేరు టీచరు కిటికీలోంచి ఒక కన్ను కంప్యూటరు మీద, ఒక కన్ను మా మీద వేసి, నేను తప్పు చెప్పినప్పుడల్లా దగ్గేవారు.

ఈలోగా ఊళ్ళో క్రమబద్ధీకరణ వేగం పుంజుకుంది. సిటీ బస్సుల్లో నాలుగో మనిషి కూర్చోవాలంటే ముందున్న ముగ్గురి సంతకాలు కావాలన్నారు. సంతకాలయ్యేసరికి వాళ్ళలో ఒకరి స్టాపు వచ్చేది, ఆ సీటు ఖాళీ అయ్యేది, దరఖాస్తు రద్దయ్యేది. టైలర్లు జాకెట్టు విప్పి కుట్టడానికి పదిహేను రోజుల అనుమతి అడిగారు. ఈ పదిహేను రోజుల్లో మనిషి ఒళ్ళు మారితే బాధ్యులెవరని ఒక టైలరు లిఖితపూర్వకంగా ప్రశ్నించాడు, జవాబు రాలేదు. మా వీధిలో ఒక సంబంధం నిశ్చయ తాంబూలాల దాకా వచ్చి ఆగింది. పిల్లవాడి పొడుగు విషయంలో అడ్జస్ట్ అయ్యామని పిల్ల తరపువాళ్ళు ఫారం పెడితే, దాని నకలు రూల్ ప్రకారం రెండో పక్షానికి కూడా వెళ్ళింది.

రకాల మీద తగాదాలు వచ్చాయి. పులుసులో ఉప్పు ఎక్కువైతే బెల్లం వెయ్యడం అడ్జస్ట్‌మెంటా, మరమ్మతా అని ఒక హోటలాయన కేంద్రానికి వచ్చి వాదించాడు. అప్పుడు వీరరాఘవులు గారు నిబంధనల పుస్తకం తెరిచి నిర్వచనం చదివారు. "అడ్జస్ట్‌మెంటు అనగా ఒక వ్యక్తి తనకు సమ్మతము కాని స్థితిని వేరొకరి సౌకర్యార్థము అంగీకరించుట." పులుసు వ్యక్తి కాదు గనక హోటలాయన దరఖాస్తు కొట్టేశారు. నేను వరండాలో దీర్ఘాలు దిద్దిస్తూ ఈ మాట విన్నాను.

నా ఫారాల్లో బడి కూడా రాసేదాన్ని. రకం సంఖ్య పదిహేడు, ఒకరి పని మరొకరు చేయుట. నిమిత్తం, ఎస్తేరు రాణి. ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటైపోయింది కదా.

జనవరి ఆఖరున కమిషనరు గారు మొదటి సమీక్ష చేశారు. సాహితి ఆ వార్త ఫోన్లో చదివి వినిపించింది. మూడు నెలల్లో పట్టణంలో నమోదైన అడ్జస్ట్‌మెంట్లలో నూటికి తొంభై ఒకటి స్త్రీలు చేసినవేనట. ఈ అంకె చూసి కమిషనరు గారు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు. నాకు ఆ క్షణాన ఆయన మీద గౌరవం కలిగింది. అది రెండో వాక్యం దాకా నిలిచింది. పరిమితమైన ఒక వనరును జనాభాలో సగం మంది ఇంత విచ్చలవిడిగా వాడేయడం సరికాదని, పురుషులు చూపిస్తున్న పొదుపు ఆదర్శప్రాయమని ఆయన అన్నారు. ఇకపై సమానత్వ సూత్రం ప్రకారం, ఈ జనవరి ఒకటి నుంచి లెక్కవేసి, మనిషికి ఏటికి నూట ఇరవై అడ్జస్ట్‌మెంట్లు మాత్రమే. అంతకు మించినవి అనుమతించబడవు. అసలు వాడనివారికి సన్మానం.

అట్లా మా ఆయనకి మున్సిపల్ హాల్లో శాలువా కప్పారు. "సర్దుబాటు పొదుపరి" అని ప్రశంసాపత్రం ఇచ్చారు. హాలు నిండా ఆయన వయసు మగవాళ్ళే, అందరి భుజాల మీదా శాలువాలే. ఆయన కొంచెం సిగ్గుపడుతూనే, ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించమని నాకు ఇచ్చారు. ఫ్రేము షాపు బజారు అవతల ఉంది. వెళ్ళి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది.

ఫిబ్రవరి రెండో వారంలో, పరీక్షకి సరిగ్గా పదమూడు రోజులుండగా, నేను చాప పరుస్తుంటే వీరరాఘవులు గారు వరండాలోకి వచ్చారు. ఆయన గది దాటి బయటికి రావడం అదే మొదటిసారి.

"అమ్మా, మీ ఖాతాలో నూట ఇరవై పోయిన శనివారం ఫారంతో పూర్తయినట్టు రికార్డులు తెలుపుతున్నాయి. ఈ రోజు నుంచి మీరు ఇక్కడ బోధించడం నిబంధనలకు విరుద్ధం."

పరీక్ష పదమూడు రోజుల్లో ఉందని చెప్పాను. ఆ విషయం తమకు విచారం కలిగిస్తోందని అన్నారు. ఆయన మొహంలో విచారం నిజంగానే ఉంది. అది ఆయన్ని ఏమీ చెయ్యనివ్వలేదు.

"సరే, అట్లాగైతే నూట ఇరవై అయిపోయాయి గనక ఇంట్లో కూడా అడ్జస్ట్ అవడం మానెయ్యాలి కదండీ?" అని అడిగాను. "ఈ రోజు నుంచే?"

ఆయన నవ్వారు. అంత అమాయకమైన ప్రశ్న విని చాలా రోజులైనట్టుంది. "గృహపరమైన అడ్జస్ట్‌మెంట్లు అత్యవసర సేవల కింద పరిగణించబడతాయమ్మా. అవి లెక్కలోకి వస్తాయి గాని, పరిమితి వాటిని ఆపదు. లేకపోతే పట్టణం స్తంభించిపోదూ."

అంటే నేను ఆపాల్సింది ఇదొక్కటే. దీవెన చాప అంచు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. తర్వాత పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. ఆ పిల్లకి ఇట్లాంటివి అలవాటే అన్నట్టు పెట్టుకుంది.

నాకు అప్పుడు ఆ నిర్వచనం గుర్తొచ్చింది. "తనకు సమ్మతము కానిది అనే కదండీ రూలు?" అన్నాను. "ఈ పని నాకు సమ్మతమే. ఇష్టమే. ఇది అడ్జస్ట్‌మెంటు కాదు. నేనే తప్పుగా రాశాను. కొట్టేయండి."

వీరరాఘవులు గారు ఇబ్బందిగా కదిలారు. నమోదైనదాన్ని కొట్టేయడానికి స-9 అనే ఫారం ఉందన్నారు, ఇంతవరకు ఎవరూ అడగలేదన్నారు. బీరువా అడుగు నుంచి తీసి దుమ్ము దులిపి ఇచ్చారు. ఇష్టపూర్వక ప్రకటన. ఆ వ్యక్తి పేరున నమోదైన అన్ని అడ్జస్ట్‌మెంట్ల జాబితా దానికి జతపరచాలి. వాటిలో ఏవి ఇష్టపూర్వకమో ప్రతిదాని పక్కనా గుర్తు పెట్టాలి. ఒకటి ఇష్టమని, మిగతావి దాచడానికి వీల్లేదు. ఆ జాబితా మొత్తాన్ని కుటుంబ పెద్ద చదివి సంతకం చెయ్యాలి. సోమవారం లోపు ఇవ్వాలి.

ఎస్తేరు టీచరు ప్రింటు తీసి ఇచ్చారు. ఆరు పేజీలు. కాగితాలు చేతికిస్తూ నా మొహంలోకి చూడలేదు. ఆవిడే టైపు చేశారు కదా, అన్నీ తెలుసు.

ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. కొన్నిటి దగ్గర ఆగాను. సాహితి కోసం ఏదైనా చేస్తే అది ఇష్టమే కదా అనుకున్నాను. మళ్ళీ కాలపరిమితి గడి చూశాను. నిజం రాయాలంటే నిజమే రాయాలి. ఆరు పేజీలయ్యేసరికి బడి తాలూకు వరుసల పక్కన తప్ప ఎక్కడా గుర్తు లేదు.

ఆదివారం మధ్యాహ్నం దొండకాయ వేపుడు, పప్పుచారు చేశాను. అందరికీ వడ్డించాక ఆ కాగితాలు బల్ల మీద పెట్టి, సంగతి చెప్పాను. సంతకం లేకపోతే రేపటి నుంచి బడికి వెళ్ళలేనని, ఆ ఆరుగురు పిల్లలు పరీక్షకి వాళ్ళంతట వాళ్ళే చదువుకోవాలని చెప్పాను.

మా ఆయన ఎడమచేత్తో పెన్ను అందుకున్నారు. "ఇదేముంది, నేను పెడతాను కదా."

"మీరు పెద్ద కాదు నాన్నా" అంది సాహితి. "రేషన్ కార్డులో నానమ్మ ఉంది."

ఆయన పెన్ను పట్టుకునే ఉండిపోయారు. రేషన్ కార్డు మీద ఇంట్లో పెద్ద ఆడమనిషి పేరే ఉంటుందన్న సంగతి ఇన్నేళ్ళూ ఆయన బియ్యానికి సంబంధించిన విషయంగానే చూశారు.

మా అత్తగారు కళ్ళజోడు తేలేదన్నారు. చదివితేగాని సంతకం పెట్టనన్నారు. సాహితిని పైకి చదవమన్నారు. చదవనక్కర్లేదండీ, కింద ఒక్క సంతకం చాలు అన్నాను. చదవాలని రాసుంది కదా అన్నారావిడ.

సాహితి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ పరీక్షలో పాఠం అప్పజెప్పినట్టు గబగబా చదివింది. "కిటికీ పక్క మంచం వదులుకొనుట. నిమిత్తం, సాహితి. కాలపరిమితి, నాలుగేళ్ళు, కొనసాగుతున్నది." అక్కడ గొంతు కొంచెం తగ్గింది. అక్క కూతురు పెళ్ళికి రెండు రోజులనుకున్నది రెండు గంటల్లో తిరిగి వచ్చుట, నిమిత్తం, భర్త ఆడిట్. టీవీలో పాట మధ్యలో ఛానలు మారుట, నిమిత్తం, అత్తగారి సీరియలు. అందరూ తిన్నాక మిగిలినదానితో భోజనం, నిమిత్తం, అందరూ. దొండకాయలు ఎవరూ తినడం లేదు.

"ఇవన్నీ రాసిచ్చావా?" అన్నారు మా ఆయన మెల్లగా. "ఆఫీసులో అందరూ చదివారా?"

"ఎవరూ చదవలేదండీ. కూడారు, అంతే."

"వంట చెయ్యడం కూడా ఇష్టం లేకుండానే చేస్తున్నావా?"

"వంట అందులో లేదు. వెతకండి, ఎక్కడా లేదు."

ఐదో పేజీలో సాహితి ఆగింది. నానమ్మ వైపు చూసింది. ఆవిడ చదవమన్నట్టు గడ్డం ఊపారు.

"బి.ఎడ్. దరఖాస్తు వచ్చే ఏడు చూద్దామని వాయిదా వేయుట. నిమిత్తం, ఇల్లు. కాలపరిమితి, పదిహేడేళ్ళు, కొనసాగుతున్నది."

బయట యార్డు నుంచి వచ్చే గాలికి మిరప ఘాటు లోపలికి వచ్చింది. మా ఆయన దగ్గారు. ఆ దగ్గు ఘాటుకేనా అన్నది నేను చెప్పలేను.

"అది అన్నది నేనే" అన్నారు మా అత్తగారు. "మీ మామయ్యకి పక్షవాతం వచ్చిన యాడాది. ఒక్క యాడాది ఆగమన్నా. మళ్ళా నేను అడగలా, నువ్వూ చెప్పలా." పళ్ళెం పక్కకి జరిపి కాగితాల వైపు చూశారు. "ఈ కాయితంలో గీతలు పెట్టినయ్యేంది? గుర్తులు?"

అవి ఇష్టపూర్వకంగా చేసినవని సాహితి చెప్పింది. ఎన్ని ఉన్నాయని ఆవిడ అడిగారు. బడి ఒక్కటేనని చెప్పింది. మిగతా పేజీలు చదవబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చారు. కళ్ళజోడు ఆవిడ రొంటినే ఉంది. తీసి పెట్టుకున్నారు. కొడుకు చేతిలో పెన్ను తీసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు, కుటుంబ పెద్ద అన్నచోట పూర్తి పేరు రాశారు. ఇంటిపేరు కూడా విడవలేదు. కాగితాలు సర్ది నా చేతికిచ్చి, మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నారు.

"పరీక్ష అయిందాకా కాదు. ఆ బళ్ళో పిల్లల దగ్గరికి టీచరమ్మ తిరిగొచ్చిందాకా అమ్మాయి పోద్ది. ఈ ఏడు ఆ బీయెడ్డు కాయితం కూడా పెడద్ది. పొద్దున టిఫిను నేను కూకోని చెప్తా, నా కొడుకు చేస్తాడు. క్యారేజీలు సాహితి కడద్ది. ఎవురికన్నా కష్టంగా ఉంటే చెప్పమాకండి నాకు. వార్డు కేంద్రం శనివారం దాకా తెరిచే ఉంటది, పోయి ఫారం పెట్టుకోండి."